ఎళ్ళు-బెల్ల పళ్ళెంలోని క్రిస్మస్ బిస్కెట్టు

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్)లోని రాబర్ట్‌సన్‌పేట, ఛాంపియన్ రీఫ్స్ వీధుల్లో కొబ్బరిపాల వాసన, కాగే నూనె వాసన మొదలవుతాయి. జనవరి రెండో వారానికి ఇటు వేమగల్ చుట్టుపక్కల పల్లెల్లో నువ్వులు వేగుతుంటాయి, శెనక్కాయలు పొట్టు రాలుతుంటాయి. మధ్యలో ఉన్నది మూడు వారాలే. ఆ మూడు వారాల్లో ప్రతి ఇంటికీ పళ్ళేలు వస్తాయి, పోతాయి. షుగరు ఉన్న మనిషి, గోధుమ పడని పిల్ల ఆ పళ్ళెం ముందు చేతులు ముడుచుకొని కూర్చుంటారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు పది కోట్ల పైమాటే. అంటే ఆ పళ్ళెం ముందు ఆగిపోయే చెయ్యి ఇప్పుడు ఇంటింటా ఉంది. వాళ్ళ కోసం మైదా, చక్కెర లేకుండా, దాల్చిన చెక్క గుమ్మున వాసన కొట్టే బిస్కెట్టు చేయాలంటే బయటి వంటపాఠాలన్నీ బాదం పిండి కొనమంటాయి. కోలారు జిల్లాలో ఆ ఖర్చు అక్కర్లేదు. కావలసిన పిండి సంక్రాంతికి మనం పంచే ఎళ్ళు-బెల్ల పళ్ళెంలోనే ఉంది. కావలసిన పనితనం కేజీఎఫ్ క్రిస్మస్ వంటింట్లో ఉంది. ఈ రెంటినీ కలిపితే చాలు.

ముందు పనితనం సంగతి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చి బంగారు గనులు తవ్వడం మొదలుపెట్టాక ఇంగ్లీషు ఇంజనీర్లు, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు, తమిళ, తెలుగు కార్మికులు ఒకే ఊళ్ళో పక్కపక్కన బతికారు. పండుగకి పక్కింటికి పళ్ళెం పంపడం ఆ ఊరి మర్యాద. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి గాని ఆ పళ్ళెం మూతపడలేదు. కేజీఎఫ్‌లో పుట్టి పెరిగిన బ్రిడ్జెట్ వైట్-కుమార్ ఆంగ్లో-ఇండియన్ వంటల మీద వరసగా పుస్తకాలు రాసి, ఆ వంటింటి కొలతలు పోకుండా కాపాడారు. ఆ పళ్ళెంలో ముఖ్యమైనవి రెండు. ఒకటి కల్‌కల్స్: మైదా ముద్దని ఫోర్కు వీపు మీదో, కొత్త దువ్వెన మీదో నొక్కి గవ్వల్లా చుట్టి వేయించేవి. రెండోది గులాబీ పువ్వులు. మన ప్రశ్నకి జవాబు ఈ రెండోదాని దగ్గర ఉంది.

గులాబీ పువ్వుల్లో కొందరు కాస్త మైదా కలుపుతారు. బియ్యప్పిండితోనే చేసే ఇళ్ళూ చాలా ఉన్నాయి. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెర కలిపి జారుగా చేస్తారు. ఇనప అచ్చుని నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతే ముంచుతారు. అచ్చు పైఅంచు దాటి పిండి ఎక్కిందంటే పువ్వు ఇక ఊడిరాదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటుకోదు. సరిగ్గా కాగితే చుర్రుమని పట్టి, నూనెలో రెండు క్షణాలు ఊపగానే పువ్వు విడివడి తేలుతుంది. అంత పలుచని రేకు విరగకుండా నిలబడిందంటే దాన్ని పట్టి ఉంచింది గోధుమ జిగురు కాదు. వేడికి గడ్డకట్టిన గుడ్డు, ఉడికిన బియ్యపు పిండి కలిసి ఆ పని చేశాయి. మన పల్లె పిండివంటలూ ఇలాంటివే. దీపావళి కజ్జాయలు బియ్యప్పిండి, బెల్లప్పాకం. చక్కిలాలు బియ్యప్పిండి. నువ్వుల ఉండలకి పిండే లేదు. గోధుమ లేకుండా పండుగ చేసుకోవడం ఈ నేలకి కొత్త కాదు, మైదాయే కొత్త.

గోధుమలో గ్లియాడిన్, గ్లూటెనిన్ అని రెండు మాంసకృత్తులున్నాయి. నీళ్ళు పోసి పిసికితే అవి కలిసి సాగే వలలాగా తయారవుతాయి. అదే గ్లూటెన్. రొట్టె పొంగాలంటే ఆ వల కావాలి. బిస్కెట్టుకి అది పనికిరాదు సరికదా, అడ్డం. అందుకే మైదా బిస్కెట్టు చేసేవాళ్ళు కూడా పిండిని ఎక్కువ పిసకొద్దంటారు, వెన్న ఎక్కువ వేసి ఆ వల అల్లుకోకుండా చూస్తారు. అంటే గోధుమ తీసేస్తే రొట్టె చాలా నష్టపోతుంది, బిస్కెట్టు దాదాపు ఏమీ నష్టపోదు. జర్మనీలో క్రిస్మస్‌కి తరతరాలుగా చేసే సిమ్‌ట్‌స్టెర్న అనే దాల్చిన చెక్క నక్షత్రాల్లో పిండే ఉండదు. బాదం పొడి, గుడ్డు తెల్లసొన, చక్కెర, దాల్చిన చెక్క, అంతే. డచ్చి పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె సీలియాక్ జబ్బుకి గోధుమే కారణమని 1950లో తన పరిశోధనా గ్రంథంలో చూపించడానికి ఎంతో ముందు నుంచే ఆ నక్షత్రాలు ఉన్నాయి.

మనం చేయాల్సిందల్లా బాదం స్థానంలో మన గింజలు పెట్టడం. ఎళ్ళు-బెల్ల పళ్ళెంలో అయిదుంటాయి: నువ్వులు, శెనక్కాయలు, ఎండు కొబ్బరి, పప్పులు, బెల్లం. నూరు గ్రాముల మైదాలో పిండిపదార్థం 76 గ్రాముల దాకా ఉంటే శెనక్కాయల్లో 16, నువ్వుల్లో 23, ఎండు కొబ్బరిలో 24 ఉంటుంది. అందులోనూ సగమో, అంతకంటే ఎక్కువో జీర్ణం కాని పీచు. పప్పులు, అదే వేయించిన శెనగపప్పు, 60 దాకా పోతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టాలి. బెల్లాన్ని కూడా తీసేయాలి. ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు గాని చెప్పక తప్పదు. చక్కెరకి బదులు బెల్లం వేస్తే షుగరు పెరగదన్న నమ్మకం మా వైపు ఎంతో మందికి ఉంది. బెల్లంలో అధిక భాగం చక్కెరే, రక్తంలో దాని నడక కూడా దాదాపు అలాంటిదే.

రాగుల గురించీ ఇంతే సూటిగా చెప్పాలి. కోలారు వాన మీద పండిన రాగి అంటే నాకు ప్రాణం. అందులో గ్లూటెన్ లేదు, సున్నం ఎక్కువ, పీచు ఎక్కువ. కానీ నూరు గ్రాముల్లో పిండిపదార్థం 70 దగ్గర ఉంటుంది. గోధుమ పడనివాళ్ళకి రాగి బిస్కెట్టు వరం. పిండిపదార్థం తగ్గించుకోవాల్సిన వాళ్ళకి మాత్రం అది జవాబు కాదు. వేయించి, పేల్చి, విసిరిన రాగి హురిహిట్టు అయితే ఒక్క గుప్పెడు వాడుకోవచ్చు. పేలినప్పుడే అందులోని పిండి ఉడికిపోయి ఉంటుంది గనక తడి తగలగానే పీల్చుకొని ముద్దని పట్టి ఉంచుతుంది, పచ్చివాసన కూడా ఉండదు.

ఇక కొలత. శెనక్కాయల పొడి 100 గ్రాములు, నువ్వుల పొడి 50, ఎండు కొబ్బరి పొడి 40, వెన్న 30, ఒక గుడ్డు తెల్లసొన, దాల్చిన చెక్క పొడి రెండు చెంచాలు, ఉప్పు చిటికెడు, ఇష్టమైతే హురిహిట్టు 20 గ్రాములు. దీనికి ఇరవై చిన్న బిస్కెట్లు అవుతాయి. ఒక్కోదానిలో పీచుతో కలిపి పిండిపదార్థం రెండు గ్రాములు, హురిహిట్టు వేస్తే మూడు గ్రాముల లోపు. అదే బరువున్న మైదా బిస్కెట్టులో తొమ్మిది గ్రాముల దగ్గర ఉంటుంది.

పని అంతా పొడి కొట్టడంలో ఉంది. శెనక్కాయల్లో సగానికి దగ్గరగా నూనే. వేడిగా ఉండగా మిక్సీలో వేసినా, ఆపకుండా తిప్పినా పొడి కాదు, ముద్ద అవుతుంది. సన్నటి మంట మీద వేయించి, నలిచి, చేటలో పొట్టు చెరిగి, పూర్తిగా చల్లారనివ్వాలి. వీలైతే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. తర్వాత మిక్సీని ఆపి ఆపి తిప్పుతూ, జల్లించి, మిగిలిన రవ్వని మళ్ళీ వేయాలి. కొబ్బరి పొడితో కలిపి తిప్పితే అది నూనెని కొంత పట్టేస్తుంది. నువ్వులు చిటపటమనడం మొదలవగానే దించేయాలి. ఎర్రబడేదాకా ఉంచితే బిస్కెట్టు కాలేటప్పటికి చేదెక్కుతుంది. గుడ్డు తిననివాళ్ళు చెంచాడు అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్ళలో పది నిమిషాలు నాననిస్తే అదే జిగురుగా మారి ముద్దని పడుతుంది. కరకర కాస్త తగ్గుతుంది, రుచి తగ్గదు.

అసలు చిక్కు చక్కెర. చక్కెర తీపి ఒక్కటే ఇవ్వదు. కరిగి బిస్కెట్టుని పరుస్తుంది, చల్లారాక కరకరలాడిస్తుంది, రంగు తెస్తుంది. స్టీవియా చిటికెడు వేస్తే తీపి వస్తుంది గాని ఆ మిగతా పనులేవీ జరగవు. ఎరిథ్రిటాల్ అయితే చక్కెర లాగే బరువూ గరుకూ ఉన్న పదార్థం, తీపి చక్కెరలో ముప్పాతిక కంటే కాస్త తక్కువ, రక్తంలో గ్లూకోజ్‌ని పెంచదు. నేను పైన వేసిన లెక్కలో దాన్ని కలపలేదు. మెత్తగా పొడి చేసి 50 గ్రాములు కలిపితే చాలు. పొడి చేయకపోతే చల్లారాక పంటికింద రవ్వలా తగులుతుంది, నాలుక మీద చల్లదనం ఎక్కువవుతుంది. ఎరిథ్రిటాల్ రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్ళలో గుండెజబ్బు ముప్పు ఎక్కువ కనిపించిందని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. అదే కారణమని దానితో తేలలేదు. అయినా నా అభిప్రాయం ఇది: దీన్ని పండుగకే ఉంచుకోవాలి, రోజూ టీ పక్కన పెట్టుకోకూడదు. ఏటా తీపిని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతే వేగిన నువ్వుల కమ్మదనం దానంతటదే ముందుకు వస్తుంది.

తీపి తగ్గిన లోటు పూడ్చేది దాల్చిన చెక్క. దాని వాసన తగిలితే నోటికి ఉన్న తీపి ఇంకాస్త ఎక్కువ అనిపిస్తుంది. చెక్కలోని సువాసన కొవ్వులో కరుగుతుంది గనక పొడిని పిండిలో చల్లకుండా ముందు గోరువెచ్చటి వెన్నలో కలిపి పావుగంట ఉంచాలి. ఇలా చేస్తే తక్కువ చెక్కతోనే ఎక్కువ వాసన వస్తుంది. అంగళ్ళలో ఎక్కువగా దొరికేది కాసియా: మందంగా, గట్టిగా, ఒకే చుట్టు ఉంటుంది. శ్రీలంక చెక్క పలుచని పొరలు పొరలుగా చుట్టుకొని, వేళ్ళతో నలిపితే విరిగిపోతుంది. ఈ తేడా పట్టించుకోవాలి. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది మితిమీరితే కాలేయానికి మంచిది కాదు. 2006లో జర్మనీ ఆహార భద్రతా సంస్థ ఆ చెక్క నక్షత్రాల విషయంలోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. ఐరోపా నిపుణులు పెట్టిన హద్దు ఒంటి బరువు కిలోకి రోజుకి 0.1 మిల్లీగ్రాము. కాసియా గ్రాములో కౌమరిన్ 3 మిల్లీగ్రాములు అనుకుంటే, రెండు చెంచాలు వేసిన మన ఇరవైలో ఒక్కోదానికి ముప్పాతిక మిల్లీగ్రాము వస్తుంది. పెద్దవాళ్ళకి దానితో బాధ లేదు. 15 కిలోల పిల్లవాడు మాత్రం రెండు తినేసరికి హద్దుకి చేరతాడు. పిల్లలున్న ఇంట్లో శ్రీలంక చెక్కే వాడాలి. చెక్క తింటే షుగరు తగ్గుతుందని నమ్మి మందులు మానేసేవాళ్ళకి ఒక మాట: అది వంటదినుసు, మందు కాదు.

కాల్చడం మైదా బిస్కెట్టు కంటే నెమ్మదిగా సాగాలి. గింజల పిండి త్వరగా మాడుతుంది గనక ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర పద్దెనిమిది, ఇరవై నిమిషాలు. ఓవెన్ లేని ఇంట్లో మందపాటి గిన్నె అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు కాగనిచ్చి, అందులో పళ్ళెం దించి సన్నమంట మీద కాల్చుకోవచ్చు. ఆంగ్లో-ఇండియన్ ఇళ్ళవాళ్ళు కేకు పిండి కలిపి బేకరీకి పంపి, అక్కడి కట్టెల ఓవెన్‌లో కాల్పించుకునేవాళ్ళు. బేకరీ ఓవెన్ వేడి దిగిపోతున్న వేళ ఈ బిస్కెట్టుకి అమృత ఘడియ. కాకపోతే సీలియాక్ ఉన్నవాళ్ళ కోసం చేస్తుంటే బేకరీ వద్దు, ఊరి పిండిమర వద్దు. మన ఆహార ప్రమాణాల సంస్థ గ్లూటెన్ లేదని చెప్పుకోవడానికి పెట్టిన హద్దు కిలోకి 20 మిల్లీగ్రాములు. గోధుమలు ఆడించిన మరలో వెంటనే రాగులు పోస్తే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఇంట్లో కడిగి ఆరబెట్టిన మిక్సీ జారే మేలు. ఓవెన్ నుంచి తీయగానే బిస్కెట్టు మెత్తగా ఉంటుంది, కాలలేదనుకొని మళ్ళీ లోపల పెట్టకూడదు. పావుగంట ముట్టుకోకుండా ఉంచితే గట్టిపడుతుంది. గింజల నూనె త్వరగా కనరెక్కుతుంది కాబట్టి క్రిస్మస్‌కి చేసినవి డబ్బాలో మూత గట్టిగా పెట్టి సంక్రాంతి లోపు తినేయాలి. సంక్రాంతికి మళ్ళీ చేసుకోవాలి. శెనక్కాయలు పడనివాళ్ళు కొందరుంటారు గనక పళ్ళెం ఇచ్చేటప్పుడు ఇందులో ఏమున్నాయో చెప్పి ఇవ్వాలి.

ఈ ముద్దకి మైదాకి లేని ఒక గుణం ఉంది. వల లేదు గనక నొక్కితే వెనక్కి లాగదు, చక్కెర లేదు గనక కాలేటప్పుడు పరుచుకోదు. ఏ ఆకారం ఇస్తే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. సంక్రాంతికి చక్కెర అచ్చులు పోసే చెక్క దిమ్మెలు మన ఇళ్ళల్లో ఉన్నాయి, చిలకలు, చేపలు, తులసికోటలు చెక్కినవి. షుగరు ఉన్న మనిషి ఏళ్ళ తరబడి ముట్టుకోనివి ఆ పళ్ళెంలో ఆ చక్కెర బొమ్మలే. దిమ్మెకి వేలితో నెయ్యి రాసి, కొబ్బరి పొడి చల్లి, చల్లారిన ముద్దని మూలలదాకా నొక్కి, కత్తితో పైభాగం చదును చేసి, దిమ్మెని బోర్లించి వెనక ఒక దెబ్బ కొడితే చిలక ముక్కుతో సహా దిగుతుంది. కాల్చే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. మరీ మందమైన దిమ్మె వద్దు, అర సెంటీమీటరు లోతు ఉంటే లోపలిదాకా సమంగా కాలుతుంది.