తెరిచిందెవరు?

ఈమెయిల్ మార్కెటింగ్‌లో ఉన్నవాళ్ళం క్లయింటుకి పంపే రిపోర్టులో అన్నిటికన్నా పైన వేసే అంకె ఓపెన్ రేట్. ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్క. నిజానికి అది మనుషుల లెక్క కాదు, బొమ్మ లెక్క. మెయిల్ అడుగున ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తుతో కంటికి కనపడని బొమ్మ పెడతాం. ప్రతి అడ్రసుకీ దాని లింకు వేరు. ఫలానా లింకు నుంచి బొమ్మ కావాలని కబురొస్తే, ఫలానావారు తెరిచారని మా సర్వర్ రాసుకుంటుంది. అడిగింది మనిషా, మెషినా అన్నది దానికి పట్టదు.

ఈ లెక్క మొదట్నుంచీ వంకరే. బొమ్మలు ఆపేసుకుని చదివేవాళ్ళు మాకెప్పుడూ కనపడలేదు. సుమారు 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ని జీమెయిల్ మధ్యలో కత్తిరిస్తుంది. అడుగునున్న బొమ్మ కూడా ఆ కోతలో పోతుంది. తెలుగులో రాసేవాళ్ళకి ఈ దెబ్బ ఇంకాస్త ముందే తగులుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, యూటీఎఫ్-8లో మన ‘స్త్రీ’ ఒక్కదానికే 18 బైట్లు. 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ బొమ్మల్ని తన సర్వర్ల మీదుగా తెప్పించడంతో, ఎక్కడి నుంచి చదివారన్న ఆచూకీ పోయింది. తెరిచారన్న మాట మాత్రం మిగిలింది.

2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో పాటు ఆపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ ఆ మాటనీ నమ్మకుండా చేసింది. ఆపిల్ మెయిల్ యాప్‌లో ఈ రక్షణ పెట్టుకున్నవారి మెయిళ్ళలోని బొమ్మల్ని, వాళ్ళు చూసినా చూడకపోయినా, ఆపిల్ ముందే దింపేసుకుంటుంది. యాప్ ఆపిల్‌దైతే చాలు, అడ్రసు జీమెయిల్‌దైనా అంతే. ఫ్లాటు ఓనరు ఊళ్ళో లేకపోయినా కొరియర్ కవరుకి వాచ్‌మన్ సంతకం పెడతాడు చూడండి, అలాంటి సంతకాలన్నీ మా రిపోర్టులో ఓపెన్ల కింద పడ్డాయి. చీరల దుకాణమో పచ్చళ్ళ దుకాణమో అమెరికాలోని తెలుగువాళ్ళకి పంపితే, ఐఫోన్ల వల్ల ఆ అంకె బాగా ఉబ్బుతుంది. ఆండ్రాయిడ్ ఎక్కువున్న విజయవాడ జాబితాలో అంత ఉబ్బదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘మన ఎన్నారైలకే శ్రద్ధ ఎక్కువ’ అనేవాళ్ళున్నారు. ఆపిల్ చేసింది తప్పని మాత్రం నేననను. చెప్పకుండా బొమ్మ పెట్టి కాపు కాసింది మేమే కదా.

అంకె ఉబ్బితే ఉబ్బింది, రిపోర్టు అందంగా ఉంటుంది. చిక్కల్లా దాన్ని నమ్మి నడిపే పనులతోనే. రెండు సబ్జెక్ట్ లైన్లు చెరి కొంతమందికి పంపి, ఎక్కువ ఓపెన్లు వచ్చినదాన్ని మిగతావాళ్ళకి పంపమంటాం. గెలిచింది మంచి వాక్యమో, ఐఫోన్లు ఎక్కువ పడిన వాటానో తెలీదు. అన్నిటికన్నా చేటు జాబితా శుభ్రం చేసేటప్పుడు. ఆరునెలలుగా తెరవనివాళ్ళని తీసేద్దామంటారు. ఫోన్లో అకౌంటు ఉండిపోయి ఎవరూ చూడని మెయిల్‌బాక్సు ఆపిల్ పుణ్యాన జాబితాలో నిలుస్తుంది. బొమ్మలు ఆపేసుకుని ప్రతి మెయిలూ చదివే రిటైర్డ్ మాస్టారు బయటికి పోతారు.

పోనీ క్లిక్కులు చూద్దామంటే, అక్కడా మనుషులొక్కరే లేరు. కంపెనీల మెయిల్‌కి కాపలా ఉండే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు, లింకులో ప్రమాదముందేమోనని ముందే నొక్కి చూస్తాయి. లాగ్ చూస్తే ఇట్టే దొరికిపోతాయి. మెయిల్ చేరిన రెండు మూడు సెకన్లకే, పైనున్న లోగో నుంచి కిందనున్న ప్రైవసీ పాలసీ దాకా అన్ని లింకులూ నొక్కేసి ఉంటాయి. ప్రైవసీ పాలసీని అంత ఆత్రంగా నొక్కే మనిషి నాకింకా తారసపడలేదు. ఒక్కోసారి అన్‌సబ్‌స్క్రైబ్ లింకునీ నొక్కేస్తాయి. అందుకే 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8058 ప్రమాణం, ఒక్క నొక్కుతో జాబితాలోంచి తప్పుకునే పద్ధతికి లింకు ఊరికే తెరిస్తే చాలదని, ‘పోస్ట్’ అనే వేరే రకం రిక్వెస్టు రావాలని పెట్టింది. భారీగా పంపేవాళ్ళు ఆ పద్ధతి పెట్టి తీరాలని 2024 నుంచి జీమెయిల్, యాహూ అంటున్నాయి.

అలాగని ఓపెన్లని పూర్తిగా పారేయను. ఆపిల్‌వి పక్కనపెట్టి చూసినప్పుడు, ఒక్క యాహూ అడ్రసుల్లోనే అవి హఠాత్తుగా పడిపోతే, మెయిల్ స్పామ్‌లోకి పోతోందేమో చూసుకోవాలి. అంతవరకే వాటి పని.

అసలు కొలతకి నేను నమ్మేది మెయిల్ పంపకపోవడాన్ని. జాబితాలోంచి లాటరీ పద్ధతిలో కొంతమందిని విడదీసి, రెండు నెలలు వాళ్ళకి ప్రచారం మెయిళ్ళు ఆపి, రెండు గుంపులూ తలకి సగటున ఎంత కొన్నాయో చూడాలి. ఆ తేడానే మెయిల్ సంపాదన. ఉగాదికి ఎలాగూ చీర కొనేవాళ్ళ డబ్బు మెయిల్ ఖాతాలో పడదు. క్లయింట్లకి ఇది రుచించదు. పండగ ముందు కొంతమందిని వదిలేద్దామంటే, ఆ అమ్మకం మీరిస్తారా అంటారు. చిన్న జాబితాలకైతే నిజంగానే కుదరదు, తేడా లెక్కకి అందదు. వాళ్ళని నేను జవాబులు రాబట్టుకోమంటాను. ‘ఈసారి గోంగూరలో కారం తగ్గించమంటారా?’ అని మెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబులు లెక్కపెట్టుకోవాలి. ‘సెలవులో ఉన్నాను, సోమవారం వస్తాను’ అనే ఆటో రిప్లైలు తీసేశాకే సుమా.