దిక్కు మార్చుకునే ప్రవాహం

కోస్తాంధ్ర తీరం వెంబడి సాగే సముద్ర ప్రవాహం ఏడాదిలో రెండు దిక్కులకు పారుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యంగా ఒడిశా వైపు సాగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని ఉధృతి ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెనక్కి మళ్లి శ్రీలంక వైపు దిగుతుంది. మధ్యలో వానాకాలమంతా ఒక తీరున ఉండక సుడులుగా విడిపోతుంది.

ఈ మార్పులను గమనించే ఉపగ్రహం నేరుగా కొలిచేది ప్రవాహాన్ని కాదు, సముద్ర మట్టాన్ని. రాడార్ తరంగం నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు లెక్క తేలుతుంది. 1992లో ఎగిరిన టోపెక్స్-పొసైడాన్ 1,336 కిలోమీటర్ల పైనుంచి, సుమారు పది రోజులకోసారి అదే దారిలో వస్తూ, కొద్ది సెంటీమీటర్ల తేడాలను కూడా పట్టింది. ఎత్తు నుంచి పల్లానికి పోవాల్సిన నీటిని భూభ్రమణం పక్కకు తిప్పుతుంది. అందుకే ఉత్తరార్ధగోళంలో ప్రవాహానికి కుడిపక్క మట్టం ఎత్తుగా ఉంటుంది. వేసవికి ముందు మన తీరం పక్క మట్టం తగ్గడానికీ, కార్తీకం నాటికి పెరగడానికీ ఇదే కారణం.

1950లలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ బృందం ఈ సముద్రాన్ని పడవల మీద తిరిగి పరిశీలించింది. ఆ శ్రమకు విలువ కట్టలేం. అయితే పడవ ఉన్నచోటే కొలత. ఉపగ్రహాలు ఏళ్ల తరబడి బంగాళాఖాతమంతా కొలిచాక, స్థానిక గాలి ఒక్కటే ఈ మలుపుకు కారణం కాదన్న మాట బలపడింది. భూమధ్యరేఖ మీది గాలులు లేపిన అలలు సుమత్రా చేరి, మయన్మార్ అంచు చుట్టి, కొంతకాలానికి ఇక్కడికి వస్తాయి.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదనీరు సముద్రంలో కలిశాక, తేలిక కనుక ఉప్పునీటిపై పొరగా పరుచుకుంటుంది. అక్టోబరు తర్వాత గంగ, బ్రహ్మపుత్రల నీటితో పాటు దాన్నీ ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. 2015 నుంచి స్మాప్ ఉపగ్రహం తీరం వెంట ఈ ఉప్పు తక్కువ పట్టీని చూపుతోంది.

తీరానికి దగ్గరయ్యేకొద్దీ రాడార్ చూపులోకి నేల వచ్చి కొలత చెడుతుంది. చేపల వేట జరిగేదీ ఎక్కువగా అక్కడే కాబట్టి ఇది చిన్న లోపం కాదు. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం సరళ్ ఒడ్డుకు మరింత దగ్గరగా కొలవగలిగింది. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ గీతలా కాక వెడల్పాటి పట్టీగా చూస్తుంది.

ఇంజను ఆగిన పడవ కోసం గాలించే హద్దులను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రూపొందించిన సారట్ అనే సాధనం గాలులు, ప్రవాహాల అంచనాల నుంచే గీస్తుంది. కాకినాడ ఎదుట పడవ ఆగితే మార్చిలో ప్రవాహం దాన్ని ఉత్తరానికి, నవంబరులో దక్షిణానికి తోస్తుంది.