ఒక పెడల్, ఐదు రకాల పాటలు

మా మావయ్య పెళ్ళి రిసెప్షన్లలో వాయించే ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. ఒక్క సాయంత్రంలో ఇళయరాజా పాట, రెహమాన్ పాట, తీన్‌మారు, మధ్యలో ఒక భక్తి పాట, పెళ్ళికొడుకు స్నేహితులు పట్టుబడితే ఇంగ్లీషు రాక్ – అన్నీ ఒకే గిటారు మీద వాయించాలి. పోయిన నెల ఆయన స్నేహితుడొకరు చేత్తో తయారుచేసిన డిస్టార్షన్ పెడల్ ఒకటి 9,500 రూపాయలకి ఇస్తానన్నారు. మావయ్యకి అది నాలుగు రిసెప్షన్ల డబ్బు. "వారం రోజులు నీ దగ్గర పెట్టుకుని అన్ని రకాలూ వాయించి చూడరా. మొహమాటం లేకుండా చెప్పు" అని నా చేతికిచ్చాడు. నేను మూడేళ్ళుగా ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాను. తయారుచేసినవాళ్ళ పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు, పత్రికలో ప్రకటన వేసినట్టు ఉంటుందని మా తెలుగు టీచరు గారు వద్దన్నారు.

తెలియనివాళ్ళకి ఒక మాట. పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న అల్యూమినియం పెట్టె. గిటారుకీ స్పీకరుకీ మధ్య పెడతారు. లోపల ముందు శబ్దాన్ని బాగా పెంచుతుంది, తర్వాత డయోడ్లు ఆ ధ్వని తరంగం తలని కత్తిరించేస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన తరంగం బల్లలా చదునైపోతుంది. అలా కత్తిరించగానే అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు, ఐదింతలు పౌనఃపున్యం ఉన్న కొత్త ధ్వనులు పుడతాయి. మనకి వినిపించే ఆ "గర్ర్" అదే. ఇది మొదట పొరపాటున వచ్చిన శబ్దమట! 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాటలో గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు, స్టూడియోలో మిక్సింగ్ యంత్రం చెడిపోవడం వల్ల బొంగురుగా రికార్డయింది. జనానికి అది నచ్చింది. మరుసటి ఏడాదే అలాంటి శబ్దం కోసం మాస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్ అమ్మకానికొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫ్యాక్షన్' పాటలో దాన్ని వాడాక ప్రపంచమంతా తెలిసింది.

రాక్‌కి ఈ పెడల్ అద్భుతం, అందులో వాదన లేదు. సా-పా రెండే కలిపి మీటితే గది అదిరింది. తీన్‌మారుకి కూడా అంతే. మా క్లాస్‌మేట్ డప్పు కొడుతుంటే గిటారు దానికి సమానంగా నిలబడింది. ఆ రెండింటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

గొడవ సినిమా పాటల దగ్గర మొదలైంది. మెలొడీ పాటల్లో మూడు నాలుగు స్వరాల కార్డులు వస్తాయి. పెడల్ నొక్కి అవి వాయిస్తే బురదలో నడిచినట్టుంది, ఏ స్వరమూ విడిగా తెలియదు. మొదట నా చేతిదే తప్పేమో అనుకున్నాను. కాదు, దీని వెనక లెక్క ఉంది. రెండు స్వరాలు కలిసి కత్తిరింపుకి గురైతే వాటి మధ్య తేడా కూడా ఒక కొత్త స్వరంగా పుడుతుంది. సా-పా నిష్పత్తి 2:3, కాబట్టి పుట్టే తేడా కింది స్థాయి షడ్జమమే, బాగా అతుకుతుంది. గిటారు మెట్ల మీద పంచమం శుద్ధమైన పంచమానికి 2 సెంట్లే తక్కువ. అంతర గాంధారం మాత్రం 14 సెంట్లు ఎక్కువ. (ఒక సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు.) మామూలుగా వాయిస్తే చెవి ఆ తేడాని క్షమిస్తుంది. పెడల్ క్షమించదు, దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది.

గిటారు మీది వాల్యూం సగానికి తగ్గిస్తే కొంత తేటపడింది, ఇది మంచి పెడల్ లక్షణమే. కానీ స్టేజి మీద పాటకీ పాటకీ మధ్య మావయ్యకి దొరికేది నాలుగు సెకన్లు. పాడే ఆమె మైకు పట్టుకుని ఎదురుచూస్తుంటే ఈయన మరలు తిప్పుతూ కూర్చోలేడు కదా. భక్తి పాటకీ ఇదే కథ. ఇంకో మిత్రుడు వాళ్ళ చర్చిలో తెలుగు కీర్తనలకి వాయించి చూద్దామన్నాడు. డ్రైవ్ బాగా తగ్గించి ఒక్కొక్క స్వరమే వాయిస్తే హార్మోనియంలా నిలకడగా వచ్చింది. కార్డు పట్టగానే పాస్టరు గారు వెనక్కి తిరిగి చూశారు.

ఐదోది కర్ణాటక సంగీతం. మేముండేది మైలాపూరు మాడవీధుల పక్కన. మార్గళి వస్తే ఏ సభలో ఎవరి కచేరీ అన్నదే ఇంట్లో కబురు. అమ్మమ్మ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. నేను పెడల్ తీస్తే తలుపు వేసుకునేది. ఆ రోజు శ్రుతిపెట్టె పెట్టి, డ్రైవ్ మూడో వంతుకి తిప్పి, తోడి గాంధారం పట్టాను. మామూలు గిటారు మీద తంతిని పక్కకి లాగి ఊపుతుంటే గమకం పూర్తయ్యేలోపే నాదం చచ్చిపోతుంది. పెడల్‌తో చివరిదాకా నిలిచింది. పెద్ద శబ్దాన్ని కత్తిరించి చిన్న శబ్దాన్ని పెంచుతుంది కాబట్టి తగ్గుతున్న నాదం తగ్గినట్టు తెలియదు. అమ్మమ్మ తలుపు తీసింది.

"తంబురా మెట్టు మీద తంతి కింద నూలుపోగు ఎందుకు పెడతారో తెలుసా? అది లేకపోతే తంబురా మూగది. ఆ పోగు వల్లే తంతి జుమ్మంటుంది" అంది. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. అది కూడా నాదాన్ని కావాలనే కదిలించి పైస్వరాలు పుట్టించడమే! సంగీతం వాళ్ళు దాన్ని జీవ అంటారు. మనం డిస్టార్షన్ అంటే మొహం చిట్లిస్తాం. అయితే ఆవిడ మెచ్చుకుని ఊరుకోలేదు. "మెత్తగా మీటినా గట్టిగా మీటినా ఒక్కలాగే ఉందిరా. మీటు ఏమైపోయింది?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు, పెడల్ దగ్గరా లేదు.

పాలకొల్లులో పుట్టి మద్రాసు వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) ఇలాంటి సమస్యనే ఇంకోలా పరిష్కరించారు. మాండలిన్‌కి మామూలుగా ఎనిమిది తంతులు, నాలుగు జతలు. ఆయన ఐదు ఒంటి తంతుల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడారు. గమకం లాగడానికి అది వీలైంది, ధ్వని మాత్రం తేటగానే ఉంది. గిటార్ ప్రసన్న వేరే దారి, 2006లో హెండ్రిక్స్‌కి నివాళిగా చేసిన 'ఎలక్ట్రిక్ గణేశ ల్యాండ్'లో కర్ణాటక బాణీకి బొంగురు గిటారు జోడించారు. రెండూ విన్నాను. పలుచటి మీటు కావాలంటే శ్రీనివాస్ దారే నాకు సరైనదనిపిస్తుంది.

ఇంకొన్ని లోపాలు. బ్యాటరీ మార్చాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి. స్విచ్ నొక్కినప్పుడల్లా స్పీకర్లో "టప్" అంటుంది. టోన్ మర ఎడమ సగం తిప్పితే దుప్పటి కప్పినట్టే, అది ఎందుకు పెట్టారో!

మావయ్యకి నిజమే చెప్పాను: నువ్వు వాయించే పది పాటల్లో ఏడింటికి కార్డులు కావాలి, ఇది మూడింటికే పనికొస్తుంది, తీసుకోవద్దు అని. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆదివారం తిరిగి ఇచ్చేయడానికి బయలుదేరేముందు, షర్టు కూడా వేసుకున్నాక, గిటారు తీసి అరగంట తోడి వాయించాడు. అమ్మమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.