దయ్యం మాట, దారం సాక్ష్యం

దయ్యాలు కనబడే డిటెక్టివ్ కథ రాయాలంటే ముందు దయ్యం నోటికి కొంచెం తాళం వెయ్యాలి. కోడలి వంట మీద, కొడుకు ఖర్చుల మీద దాన్ని ఎంతసేపైనా సణగనివ్వచ్చు. ఊరి చాడీలన్నీ చెప్పనివ్వచ్చు. నేరం చేసినవాడి పేరు మాత్రం దాని నోట రాకూడదు. వస్తే రెండో పేజీలోనే కథ ముగిసిపోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

కొన్నాళ్లుగా నారాయణఖేడ్‌లో జరిగే కథ ఒకటి రాస్తున్నాను. అందులో హత్య లేదు, నెత్తురు లేదు. ఇంగ్లీషువాళ్లు ఈ కోవకు కోజీ మిస్టరీ అని పేరు పెట్టుకున్నారు. చిన్న ఊరు, ఒకరినొకరు ఎరిగిన మనుషులు, పోలీసు ఉద్యోగం లేని ఒక మామూలు మనిషి ఆరా తియ్యడం, చివర్లో అందరూ మళ్లీ కలిసి చాయ్ తాగగలగడం, ఇవీ దాని లక్షణాలు. ఖేడ్‌కు ఈ కోవ భలే అతుకుతుంది. సంగారెడ్డి జిల్లాకు పడమటి కొసన ఉన్న ఊరు ఇది. ఇటు కర్ణాటక, అటు మహారాష్ట్ర. అంగట్లో ఒక్క బేరం తెగేలోపు తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ దొర్లుతాయి. దయ్యాల ముచ్చట్లూ అంతే, ఏ సరిహద్దునూ పట్టించుకోకుండా ఇటూ అటూ తిరుగుతుంటాయి.

నా కథలో ఆరా తీసేది బస్టాండు దగ్గర మిషన్ కుట్టే ఒక అవ్వ. ఆమెకు దయ్యాలు కనబడతాయి. ఒక పొద్దున చచ్చి పదిహేను రోజులైన సేటు వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు.

"అంగీ అయిందా అవ్వా?"

"సచ్చినంక అంగీ ఎందుకు సేటూ?"

"అడ్వాన్సు ఇచ్చిన గద!"

సేటు వయసు మీద పడి నిద్రలోనే పోయాడు. అందులో ఏ రహస్యమూ లేదు. పోయింది ఆయన ప్రామిసరీ నోటు. పిసినారి కాబట్టి ఎవరినీ నమ్మక, అంతకుముందే అవ్వతో ఇంకో అంగీ లోపల చోర్ జేబు కుట్టించుకుని అందులో దాచుకున్నాడు. ఆ నోటు కోసమే ఊరు విడిచి పోలేకపోతున్నాడు. కోపం వస్తే మరాఠీలోకి మారిపోతాడు. అవ్వకు మరాఠీ రాదు. బీదర్ బస్సు కండక్టరుకు వచ్చు, కానీ ఆయనకు సేటు కనబడడు, వినబడడు. కాబట్టి సేటు తిట్టిన తిట్టును అవ్వ తన నోటితో పలకాలి, కండక్టరు బిత్తరపోయి "ఎవర్ని తిడుతున్నవ్ అవ్వా?" అని అడగాలి, అప్పుడుగానీ అర్థం తెలియదు. ఇలాంటి చోట నవ్వు దానంతట అదే పుడుతుంది. దయ్యాన్ని వెకిలి చెయ్యక్కర్లేదు, బతికినప్పటి అలవాట్లు దానికి వదిలేస్తే చాలు.

ఇంగ్లండులో రొనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ మతగురువు ఉండేవాడు, డిటెక్టివ్ కథలూ రాసేవాడు. 1929లో ఆయన ఈ రకం కథలకు పది కట్టుబాట్లు పెట్టాడు. మానవాతీత శక్తులు కథలో పనిచెయ్యకూడదన్నది రెండోది. పాఠకుడికి దొరకని ఆధారం డిటెక్టివుకు దొరికితే అది అన్యాయం అన్నది అసలు భావం. ఆ నియమాన్ని హాయిగా దాటిన వాళ్లున్నారు. 1969లో బ్రిటిష్ టీవీలో ర్యాండల్ అండ్ హాప్‌కిర్క్ అనే సీరియల్ వచ్చింది. చచ్చిపోయిన డిటెక్టివ్ దయ్యమై, బతికున్న భాగస్వామికి మాత్రమే కనబడుతూ కేసుల్లో సాయపడుతుంటాడు. మన దగ్గర 2017లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ సినిమాలో మనుషులను చూసి దయ్యాలే జడుసుకుంటాయి. 1986లో జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’, దానికి మూలమైన మల్లాది నవల, డిటెక్టివును నవ్వుల మధ్య నిలబెట్టి చూపించాయి. ఈ రెండు దారులూ కలిసేచోట నా అవ్వ మిషన్ వేసుకుని కూర్చుంది.

అయితే నా అసలు గురువులు నాక్స్‌కు చాలా ముందువాళ్లు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరీ కవి సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరం మొదట్లోనే గుణాఢ్యుడి కథ ఉంటుంది. శాతవాహన రాజు కొలువులో పండితుడు. రాజుకు సంస్కృతం నేర్పడానికి ఆరేళ్లు పడుతుందన్నాడు. శర్వవర్మ అనే మరో పండితుడు ఆరు నెలలు చాలన్నాడు. పందెం ఓడి గుణాఢ్యుడు సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి వింధ్యాడవికి పోయాడు. అక్కడ కాణభూతి అనే పిశాచం నోట మహాకథ విన్నాడు. దాన్ని పిశాచాల భాషలోనే, తన నెత్తురుతో, ఏడు లక్షల శ్లోకాలుగా రాశాడు. రాజు ఆ కథను కాదన్నాడు. గుణాఢ్యుడు కొండమీద మంట వేసి ఒక్కొక్క ఆకూ చదవడం, మంటలో వెయ్యడం మొదలుపెట్టాడు. అడవి జంతువులు మేత మానేసి, చుట్టూ నిలబడి, కన్నీళ్లు కారుస్తూ విన్నాయట.

ఆ తర్వాత జరిగేది నాకు ప్రాణం. రాజుకు జబ్బు చేస్తుంది. వైద్యులు చూసి, తింటున్న మాంసంలో సారం లేదంటారు. వంటవాళ్లను నిలదీస్తే వేటగాళ్లు తెచ్చేదే అట్లా ఉందంటారు. వేటగాళ్లను పిలిపిస్తే, కొండ మీద ఎవరో బ్రాహ్మడు ఆకులు చదివి కాలుస్తున్నాడని, మృగాలన్నీ మేత మరిచి వింటున్నాయని చెప్తారు. రాజు పరుగున పోయేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిదై, లక్ష మిగిలాయి. కంచంలో ఎండిన మాంసం ముక్క దగ్గర మొదలై, వంటింటి మీదుగా, వేటగాళ్ల మీదుగా కొండకొమ్మున ఉన్న మనిషి దాకా పోయిన ఈ ఆరా కంటే చక్కని డిటెక్టివ్ కథ ఏముంటుంది? మధ్యలో ఏ పిశాచమూ వచ్చి రాజుకు చెవిలో చెప్పలేదు. పిశాచం కథ చెప్పింది, ఆచూకీ మనుషులు తీశారు. మన సంగారెడ్డి జిల్లాలోనే కొండాపూర్‌లో 1940ల మొదట్లో తవ్వకాలు జరిపితే శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. ఆ రాజుల పేరు చుట్టూ అల్లిన కథ మనకు పరాయిది కాదు.

సోమదేవుడి పుస్తకంలోనే బేతాళుడూ ఉన్నాడు. చందమామ పత్రిక పుణ్యమా అని తెలుగు పిల్లలకు ఆయన ఇంటి చుట్టమయ్యాడు. గమనించండి, బేతాళుడు జవాబు చెప్పడు. ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తాడు. ఆలోచించి చెప్పాల్సింది ఆయన్ను భుజాన మోసే, బతికున్న రాజు. దయ్యం నోటికి తాళం వెయ్యాలన్న నియమం నేను నేర్చుకున్నది అక్కడే.

ఇప్పుడు ఆ పెద్ద ప్రమాదం సంగతి. ఉమ్మడి మెదక్‌లో పెరిగినవాళ్లకు బాణామతి అనే చేతబడి మాట వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. దయ్యాల వల్ల కాదు, మనుషుల వల్ల. ఎవరికో జబ్బు చేస్తుంది, గొడ్డు చస్తుంది, "ఫలానా ఆమే చేసింది, నాకు కలలో కనబడ్డది" అని ఒకరంటారు. అంతే, వేరే రుజువు ఎవరూ అడగరు. చెట్టుకు కట్టేసి కొట్టడం, పళ్లు ఊడబీకడం, ప్రాణాలు తియ్యడం దాకా పోయిన సంగతులు ఎన్నో వార్తల్లో చదివాం. బలైపోయేది చాలాసార్లు దిక్కులేని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. ఇలాంటి మూఢాచారాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్ర వాటి మీద చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. ఖేడ్ నుంచి చూస్తే ఈ రెండు రాష్ట్రాలూ పొరుగు గడపలే.

అందుకే ఇక్కడ దయ్యాల కథ రాసేవాడి చేతిలో కలం బరువుగా ఉండాలి. యండమూరి నవల ‘తులసిదళం’ వచ్చినప్పుడు రచయిత్రి రంగనాయకమ్మ ఎంత తీవ్రంగా విరుచుకుపడ్డారో పాత పాఠకులకు గుర్తే. చేతబడిని నిజమన్నట్టు చూపిస్తే చదివేవాళ్ల మీద ఏం ప్రభావం పడుతుందన్న ఆమె బాధ నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ కథల్లోంచి దయ్యాలను పూర్తిగా తరిమెయ్యాలని నేననను. తాతమ్మలు చెప్పిన ముచ్చట్లలో సగం వాటివే. దయ్యం ఉండనీ, వేలెత్తి మనిషిని చూపే హక్కు మాత్రం దానికి ఇవ్వద్దు. నా కథలో భూతవైద్యుడికి చోటు లేదు. మంత్రగత్తె అని ఎవరి మీదా ముద్ర పడదు, సరదాకు కూడా.

ఈ నియమానికి అమెరికాలో జరిగిన ఒక కేసు నాకు గట్టి ఊతం. 1897 జనవరిలో వెస్ట్ వర్జీనియా గ్రీన్‌బ్రయర్ కౌంటీలో జోనా షూ అనే కొత్త పెళ్లికూతురు చనిపోయింది. కొన్నాళ్లకు కూతురి దయ్యం తనకు కనబడి, భర్తే మెడ విరిచాడని చెప్పిందని తల్లి ప్రాసిక్యూటరు దగ్గరికి పోయింది. ఆయన ఆ మాట పట్టుకుని ఎవరినీ దోషి అనలేదు. శవాన్ని వెలికితీయించి పరీక్ష చేయిస్తే మెడ ఎముక నిజంగానే విరిగి ఉంది. విచారణలో ప్రాసిక్యూటరు దయ్యం ఊసే ఎత్తలేదు. ఆ తల్లిని ఎగతాళి చెయ్యాలని ఎదుటి వకీలే ఎత్తాడు. భర్తకు యావజ్జీవ శిక్ష పడింది. తల్లికి కనబడింది ఏమిటన్నది వేరే సంగతి. కోర్టులో కేసును మోసింది విరిగిన ఎముక.

మా అవ్వకు ఎముక అక్కర్లేదు, దారం చాలు. సేటు పోయిన పదకొండో రోజున ఆయన బట్టలు పంచిపెట్టారు. వాటిలో ఆ అంగీని అవ్వ వెతికి పట్టుకుంటుంది. చోర్ జేబు తిప్పి చూస్తుంది. ఆమె కుట్టు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటుంది, కొసన రెండుసార్లు మిషన్ వెనక్కి తిప్పి గట్టి చేస్తుంది. జేబు మూతి దగ్గర బెత్తెడు మేర ఆ కుట్టు లేదు. బ్లేడుతో కోసి, ముడతలు పడేలా చేత్తో మళ్లీ కుట్టారు. దారం మందంగా, పీచుగా, మాసిన తెలుపులో ఉంది. అవ్వ దాన్ని వేళ్ల మధ్య నలిపి, పంటితో కొరికి చూస్తుంది. మార్కెట్ యార్డులో కంది బస్తాల మూతులు కుట్టే దారం. సేటు పక్కనే ఉండి "ఎవరు అవ్వా, ఎవరు?" అని గింజుకుంటాడు. జేబు కోసినప్పుడు ఆయన పాడె మీద ఉన్నాడు, ఆయనకేం తెలుసు!

ఇక్కడిదాకా రాసింది ఈమధ్య ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. దొంగ ఎవరో చెప్పకుండా ఆపాను. వాళ్లే బోర్డు మీద పేర్లు రాయడం మొదలుపెట్టారు. సేటు చిన్న కొడుకు, అప్పు తీసుకున్న రైతు, యార్డు గుమాస్తా, బస్తాలు కుట్టే హమాలీ. ఎక్కువమంది హమాలీ పేరుకే చేతులెత్తారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి గట్టిగా అడ్డం తిరిగింది. వాళ్ల నాయన యార్డులోనే పనిచేస్తాడట.

"దారం ఆయన దగ్గర ఉంటది సార్, అది ఆయన పని. యార్డుకు పోయినోళ్లు ఎవరన్నా తెచ్చుకోవచ్చు. మా ఇంట్ల మంచం తాడు తెగితే గదే దారంతోని కట్టినం. నోటుతోని ఆయనకేం పని? ముందుగల్ల అప్పు ఎవరిదో చూడుర్రి."