చిల్లర కొట్టు పద్దు

2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడూ, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కూలిపనులు నిలిచిపోయినప్పుడూ తెలుగు పల్లెల్లో ఎన్నో ఇళ్ల పొయ్యి ఆరకుండా చూసింది చిల్లర కొట్టు పద్దు, అంటే ఎవరు ఏ సరుకు ఎంతకు అరువు తీసుకున్నారో తేదీతో రాసుకునే లెక్క. మాంద్యంలో, అనగా కొనుగోళ్లు తగ్గి డబ్బు చేతులు మారడం మందగించిన కాలంలో, అరువు పెరిగేకొద్దీ టోకు వర్తకుడి బాకీ మెడకు చుట్టుకుంటుంది కనుక, నేర్పరియైన దుకాణదారు నిలిచిపోయే సరుకును తెప్పించడం మాని, బియ్యం, పప్పు, నూనె వంటి రోజూ కదిలేవాటిలోనే పెట్టుబడిని తిప్పుతాడు. కిలో కొనలేనివారికి పావుకిలో, అదీ కుదరకపోతే వంద గ్రాములు పొట్లం కడతాడు. ఏ ఇంటికి పంట డబ్బు ఎప్పుడు చేరుతుందో, ఎవరి బాకీ ఇక పెరగనివ్వకూడదో, ఆ మాటను నలుగురిలో కాక కొట్టులో ఎవరూ లేని వేళ ఎలా చెప్పాలో అతడికి తెలుసు. నిజానికి ఈ వృత్తిలో అత్యంత గౌరవనీయమైన విద్య అదే.