నిరీక్షణ: ఆలూరు మెట్టసీమ నేపథ్యంలో ఒక క్రైస్తవ పదం పరిశీలన

తెలుగు బైబిలులో విశ్వాసానికీ ప్రేమకూ నడుమ నిలిచిన మాట ‘నిరీక్షణ’. గ్రీకు మూలంలోని ‘ఎల్పిస్’కు ‘ఆశ’ అనే తేలిక మాట అందుబాటులో ఉన్నా తెలుగు బైబిలు ప్రధానంగా నిరీక్షణనే గ్రహించింది. ఆశ అన్న మాటకు కోరిక, పేరాస అనే అర్థచ్ఛాయలు అంటుకొని ఉన్నాయి. నిరీక్షణలో చూపు ఉంది, ఓర్పు ఉంది, రావలసినది ఇంకా రాలేదన్న ఒప్పుకోలు ఉంది. ఇదే సందర్భంలో తమిళ బైబిలు నమ్మకాన్ని సూచించే ‘నంబిక్కై’ని ఎంచుకొంది. కన్నడ బైబిలు మాత్రం తెలుగుతో కలిసి ‘నిరీక్షె’ అంటుంది.

తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఆలూరు ప్రాంతంలో ఈ సామ్యానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. లండన్ మిషన్‌కు చెందిన జాన్ హాండ్స్ 1810లో చేరి, కన్నడ బైబిలు అనువాదానికి పూనుకొన్నది ఆ బళ్లారిలోనే. ఈ సీమలో సేద్యం ప్రధానంగా వర్షాధారం. 1876–78 నాటి ధాత కరువు తీవ్రంగా దెబ్బతీసిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు, కడప ఉన్నాయి. నేటికీ ఇక్కడి కూలీలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లడాన్ని ‘సుగ్గి’ అంటారు. కన్నడంలో పంటకోతల సంబరానికి పేరైన మాట ఇక్కడ ఊరు విడిచిపోవడానికి పేరైంది.

ఇటువంటి నేలమీద బైబిలులోని నిత్యత్వ వర్ణన వేరుగా ధ్వనిస్తుంది. ప్రకటన గ్రంథం ఏడవ అధ్యాయం చిత్రించే పరలోకంలో ఆకలి లేదు, దాహం లేదు, ఎండదెబ్బ లేదు. జీవజలపు ఊటలు ఉన్నాయి. బంగారు వీధులకంటె ఈ లేములే మెట్టసీమ పాఠకుడికి దగ్గరివి. పరలోకం ఇక్కడ వైభవంగా కాక, కరువుకు ప్రతిబింబంగా, తిరగవేసిన కరువుగా కనబడుతుంది.

అయితే నిత్యత్వాన్ని చూపి నేటి బాధను చిన్నదిగా చెప్పవచ్చునా? కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయంలో పౌలు నిత్యమహిమ ఎదుట శ్రమను క్షణికమైనదిగా, తేలికైనదిగా పేర్కొన్నాడు. ఈ మాటకు అర్థం వక్తనుబట్టి మారుతుంది. పౌలు తేలిక అన్నది తన శ్రమను. అదే పత్రిక పదకొండవ అధ్యాయంలో తాను తిన్న దెబ్బలను, పడిన ఆకలిదప్పులను వరుసగా చెప్పుకొన్నాడు. అనుభవించినవాడి నోట అది ధైర్యం. కూలి ఎగవేసినవాడి నోట అదే మాట వంచన. మతాశ ప్రజలను మత్తులో ఉంచుతుందన్న విమర్శ ఈ రెండవ సందర్భానికి పూర్తిగా వర్తిస్తుంది, మొదటిదానికి వర్తించదు.

యాకోబు పత్రిక అయిదవ అధ్యాయం ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ప్రభువు రాకడకై ఓపిక పట్టమని చెప్పే సందర్భంలో అక్కడ వానకై ఎదురుచూసే రైతు ఉపమానంగా వస్తాడు. పాలస్తీనాలో శరత్కాలంలో విత్తనాలకు ముందు కురిసే వానను తెలుగు అనువాదం ‘తొలకరి’ అన్నది. ఋతువు మారినా రైతు ఎదురుచూపు మారలేదు. ఆ రైతు నిరీక్షణ చేతులు కట్టుకొని కూర్చోవడం కాదు. దుక్కి దున్ని, గుంటక తోలి, విత్తనాన్ని తినకుండా దాచుకొన్నవాడే తొలకరికి ఎదురుచూడగలడు. మరింత ముఖ్యమైన విషయం, ఆ ఉపమానానికి మూడు వచనాల ముందే చేలు కోసిన పనివారి కూలి బిగపట్టిన ధనికులపై తీవ్రమైన అభియోగం ఉంది. ఓర్పును బోధించే పాఠమే కూలిని అడుగుతోంది. సుగ్గికి వెళ్లే ఊళ్లలో ఈ రెండింటిలో ఒకదానిని మాత్రమే చదివితే పాఠానికి అన్యాయం జరుగుతుంది.

తెలుగు కవిత్వంలో ఈ సమన్వయానికి జాషువా ప్రబల నిదర్శనం. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో ఆయన అంటరానివాడి ఆకలిని ఇహలోకపు న్యాయం కోరే విన్నపంగా మలచి శివునికి పంపాడు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాదమీ పురస్కారం లభించింది. క్రీస్తును గానం చేసిన గొంతుకే కులాన్ని నిలదీయడం వైరుధ్యం కాదు. న్యాయం రావలసి ఉందని నమ్మినవాడికే దాని జాప్యం సహింపరానిదవుతుంది.

కనుక ‘నిరీక్షణ’ను కేవలం ఓదార్పు పదంగా పరిగణించడం అసమగ్రం. అది బాధను కాదనదు. బాధే చివరిమాట అని ఒప్పుకోదు. వాన రాని ఏడు కూడా విత్తనం దాచుకొనే నేలలో ఈ పదానికి నిఘంటువు ఇవ్వలేని అర్థం సమకూరింది. తెలుగు క్రైస్తవ పరిభాషను అనువాద చరిత్రతోపాటు, ఆ మాటలను పలికే సీమల జీవనంతో కలిపి పరిశీలించవలసిన అవసరాన్ని ఇది సూచిస్తుంది.