కరుణకూ హక్కుకూ మధ్య 'మల్లీశ్వరి'

ప్రేమకథ అనగానే మన విమర్శకులు కొంత చిన్నచూపు చూస్తారు. కరవు, వలస, కూలిపోరాటం సాహిత్య వస్తువులనీ, ప్రేమ మాత్రం కాలక్షేపమనీ ఒక భావం అభ్యుదయ రచయితల్లో కూడా పాతుకుపోయి ఉంది. ఇక సినిమాలోని ప్రేమకథ అయితే చెప్పనే అక్కరలేదు. ఈ వైఖరి సరికాదని నా అభిప్రాయం. ఒక సమాజంలో ఎవరు ఎవరిని ప్రేమించవచ్చు, అందుకు ఎవరి అనుమతి కావాలి అన్న ప్రశ్న వేసి చూడండి. ఆస్తి సంబంధాలు, కులం, స్త్రీ స్థానం మూడూ ఒక్కసారిగా బయటపడతాయి. ఆ ప్రశ్నను నిజాయితీగా వేసిన చిత్రాలు మనకు కొన్ని ఉన్నాయి. వాటిలో బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' (1951) ముఖ్యమైనది. ఆ చిత్రం ఎంత దూరం వెళ్లిందో, ఎక్కడ ఆగిపోయిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చిత్రాన్నే ఎన్నుకోవడానికి మా ప్రాంతం కూడా ఒక కారణం. పెనుకొండ కోట నీడలో పెరిగినవాళ్లకు విజయనగరం పుస్తకంలోని చరిత్ర కాదు, కళ్లెదుట నిలిచిన గోడ. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకే తరలివచ్చింది. గగన్ మహల్ ఇంకా నిలిచే ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యులు లేతవయసులో 'పెనుగొండ లక్ష్మి' రాశారు. తరువాత విద్వాన్ పరీక్షకు తన పుస్తకాన్నే తాను పాఠ్యగ్రంథంగా చదువుకోవలసి వచ్చిన సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలిసిందే. గతవైభవాన్ని తలచుకుని కన్నీరు పెట్టుకోవడం మా సీమ సాహిత్యానికి ఒక బలమైన సంప్రదాయం. 'మల్లీశ్వరి'ని కూడా చాలామంది ఆ వరసలోనే చేర్చి, రాయలవారి స్వర్ణయుగానికి హారతిగా చూస్తారు. అలా చూస్తే చిత్రంలోని అసలు విషయం కంటికి ఆనదు.

కథ అందరికీ తెలిసినదే. వీరాపురంలో నాగరాజు, మల్లి బావామరదళ్లు. సంతనుంచి తిరిగివస్తూ వానకు ఒక మండపంలో ఆగుతారు. అక్కడ మల్లి ఆడిపాడుతుండగా మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన చూసి మెచ్చుకుంటారు. వాళ్లెవరో తెలియని నాగరాజు, మల్లికి రాణివాసం పల్లకి పంపించండని హాస్యానికి అంటాడు. మల్లి తల్లి నాగమ్మకు డబ్బుమీద ఆశ. డబ్బులేని మేనల్లుడికి పిల్లనివ్వనంటుంది. నాగరాజు సంపాదన కోసం ఊరు విడిచి వెళతాడు. ఇంతలో నిజంగానే పల్లకి వచ్చి వాకిట్లో దిగుతుంది. మల్లి రాణివాసానికి చేరుతుంది. సంపాదించుకుని తిరిగివచ్చిన నాగరాజుకు రాళ్లే మిగులుతాయి. ఆ రాళ్లమీద మల్లి రూపాలు చెక్కుతూ కూర్చుంటాడు.

బావామరదళ్ల ప్రేమలో కొత్తదనం ఏముందని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మేనరికం మన సమాజం ఎన్నడూ తప్పుపట్టని బంధం. కులం అడ్డు లేదు, వావి అడ్డు లేదు. ఇంత సామాన్యమైన ప్రేమ, పల్లకి వాకిట్లో దిగిన క్షణం నుంచి రాజద్రోహంగా మారిపోతుంది. రాణివాసపు స్త్రీని పరపురుషుడు కలుసుకోవడం మరణశిక్షకు తగిన నేరం. నిన్నటిదాకా 'బావా' అని పిలిచిన గొంతు ఇవాళ ఆ పిలుపుకే తల పోగొట్టుకునే స్థితికి వచ్చింది. ప్రేమికులు మారలేదు. వారి మీద హక్కు ఎవరిదన్నది మారింది. ఈ మార్పును చూపించడంలోనే చిత్రపు అసాధారణత్వం ఉంది.

ఇందులో దుర్మార్గుడు లేడన్న సంగతి కూడా గమనార్హం. రాయలు రసికుడు, దయగలవాడు. రాణి తిరుమలదేవి మల్లిని ఆదరంగానే చూస్తుంది. నాగమ్మది పేదరికం నేర్పిన దురాశ. సగటు సినిమాలో ఇలాంటి కథకు మీసాలు మెలేసే సేనాపతి ఒకడు తప్పనిసరి. బి.ఎన్. రెడ్డి ఆ సుళువైన దారి పట్టలేదు. పేదవాడు వేళాకోళానికి అన్న మాట పాలకుడి చెవిన పడితే ఆజ్ఞ అవుతుంది. పాలకుడు మంచివాడైనంత మాత్రాన ఆ ఆజ్ఞ బరువు తగ్గదు. చెడ్డరాజు చేసే హింస అందరికీ కనబడుతుంది. మంచిరాజు ఔదార్యం వల్ల జరిగే హింసను పసిగట్టడానికి ఆలోచన కావాలి. వచ్చినవాళ్లెవరూ మల్లిని 'నీకిష్టమేనా?' అని అడగలేదు.

రచనలో దేవులపల్లి కృష్ణశాస్త్రి పాత్రను ఇక్కడే ప్రస్తావించాలి. ఆయన సినీరంగ ప్రవేశం ఈ చిత్రంతోనే. భావకవిత్వంలోని విరహం మీద అభ్యుదయ కవులు చేసిన విమర్శ మనకు తెలుసు. ఆ ప్రేయసి ఊహాలోకవాసి, ఆ వేదనకు భౌతిక కారణం కనిపించదని మనవాళ్లు అన్నారు. 'మల్లీశ్వరి'లో అదే కవి రాసిన విరహానికి మాత్రం కారణం కళ్లెదుటే ఉంది. ప్రేమికుల మధ్య కోటగోడ ఉంది, గోడకు కాపలా ఉంది, కాపలా చేతిలో బల్లెం ఉంది. అందుకే సాలూరి రాజేశ్వరరావు స్వరాలలో ఆ విరహం మనల్ని ఆకాశంలోకి తేల్చకుండా నేలమీదే నిలబెడుతుంది. భావకవికి సినిమా చేసిన మేలు ఇది.

నాగరాజు శిల్పి కావడం కూడా యాదృచ్ఛికం కాదు. మల్లి నాట్యం, నాగరాజు శిల్పం రెండూ పనులే, శ్రమతో అబ్బిన విద్యలే. రెండింటినీ రాజాస్థానమే కొనుక్కుంటుంది. విజయనగరంలో రాణిగారి కోసం కట్టే మండపానికి శిల్పుల బృందం నాగరాజును తీసుకువెళుతుంది. తన మల్లిని దాచేసిన భవనాన్ని అలంకరించే పని అతని చేతికే వస్తుంది. హిందూపురం నుంచి కూతవేటు దూరంలోని లేపాక్షికి వెళ్లినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే మనసులో మెదులుతుంది. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన ఆలయమని అందరం చెప్పుకుంటాం. అసంపూర్ణంగా మిగిలిన కళ్యాణమండపం ముందు నిలబడి విరూపణ్ణ కన్నుల కథ కూడా చెప్పుకుంటాం. ఆ స్తంభాలు చెక్కిన వాళ్ల కథ మాత్రం ఎవరం చెప్పుకోం. వాళ్లు ఎవరిని ప్రేమించారో, ఆ రాతిముఖాల్లో ఎవరి పోలికలు దాచుకున్నారో మనకు తెలియదు. పేరులేని ఆ శిల్పికి ఒక పేరు, ఒక మనసు, ఒక మరదలు ఉన్నట్టు ఊహించడం 'మల్లీశ్వరి' చేసిన గొప్ప పని. నాగరాజుగా నటించిన ఎన్.టి. రామారావు తరువాత 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచే శాసనసభకు గెలిచారు. మా వాళ్లు ఆయనలో రాముణ్ణి, కృష్ణుణ్ణి, రాయలను చూసుకున్నారు. ఉలి పట్టిన నాగరాజును గుర్తుచేసుకున్నవాళ్లు అరుదు.

ఇక ముగింపు. ప్రేమికులు పట్టుబడతారు. రాయలు నిజం తెలుసుకుని క్షమిస్తాడు. ఇద్దరూ ఒక్కటవుతారు. చిత్రానికి మూలాల్లో ఒకటైన బుచ్చిబాబు నాటిక పేరే 'రాయలవారి కరుణకృత్యం'. మరొక మూలం దేవన్ శరార్ ఆంగ్లకథ. బుచ్చిబాబు పెట్టిన పేరు చాలా విలువైనది, ఎందుకంటే చిక్కు అంతా ఆ మాటలోనే ఉంది. మల్లిని పల్లకి ఎక్కించింది కరుణే, విడిచిపెట్టిందీ కరుణే. రెండూ ఒకే చేతి పనులు. మొదటిదాన్ని ప్రమాదంగా చూపిన చిత్రం రెండవదాన్ని పరిష్కారంగా చూపింది. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళతాడు. శాసనం మాత్రం అలాగే ఉంది. మల్లికి తోడుగా నిలిచిన చెలికత్తె జలజ రాణివాసంలోనే మిగిలింది. ఆమెకూ ఏదో ఒక వీరాపురం ఉండే ఉంటుంది. ఆమె కోసం కూడా ఎవరో రాళ్లు చెక్కుతూ ఉండవచ్చు. వాళ్లందరికీ తలా ఒక కరుణకృత్యం ఎక్కడనుంచి వస్తుంది?

ఇది ఒక్క 'మల్లీశ్వరి' లోపం కాదు. గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' (1938) బ్రాహ్మణ యువకుడికీ హరిజన యువతికీ ప్రేమ కలిపి ఆనాటి సమాజాన్ని కుదిపివేసింది. కథ చలంది, మాటలు తాపీ ధర్మారావువి. అంతటి సాహసం చేసిన చిత్రంలో కూడా ఛాందస బ్రాహ్మణుడి మనసు మారడానికి అగ్నిప్రమాదం జరగాలి, అతని భార్యను హరిజనుడు కాపాడాలి. హిందీలో బిమల్ రాయ్ 'సుజాత' (1959) ఎంతో సంయమనంతో తీసిన చిత్రం. అందులోనూ అస్పృశ్య కులంలో పుట్టిన సుజాత, పెంచిన తల్లి ప్రాణం నిలబెట్టడానికి రక్తమిచ్చిన తరువాతే ఆ తల్లి ఆమెను నిండు మనసుతో బిడ్డగా స్వీకరిస్తుంది. ఒకచోట నిప్పు, ఒకచోట నెత్తురు, ఒకచోట రాజుగారి దయ. ప్రేమించే అర్హత సంపాదించుకోవడానికి కిందివాళ్లు పైవాళ్లకు ఏదో ఒక మూల్యం చెల్లించాలి, లేదా పైవాళ్లు దయతలచాలి. నడుమ అంతా ధైర్యంగా నడిచిన కథలు చివరికి వచ్చేసరికి చేతులు జోడించాయి.

దయ దొరకని ప్రేమ ఏమవుతుందో తెలుసుకోవాలంటే ధర్మవరం వైపు చూడాలి. ఆంధ్రనాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) పుట్టిన ఊరు అది. బళ్లారిలో వకీలుగా ఉంటూ ఆయన రాసిన 'విషాద సారంగధర' తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరుపొందింది. సారంగధర కథ 1957లో వి.ఎస్. రాఘవన్ దర్శకత్వంలో మళ్లీ చిత్రంగా వచ్చింది. సారంగధరుడు ఎన్.టి. రామారావు, చిత్రాంగి భానుమతి. ఆరేళ్ల క్రితం మనం కన్నీటితో ఆశీర్వదించిన జంటే ఇది. సారంగధరుడి మీద మనసుపడిన చిత్రాంగి అతని తండ్రి రాజరాజనరేంద్రుడికి భార్య అవుతుంది. ఆమె కోరికకు లోకం పెట్టిన పేరు పాపం. సారంగధరుడి మీద ఆమె వేసిన నింద అన్యాయం, అతనికి పడిన శిక్ష ఘోరం. ఇందులో నాకు సందేహం లేదు. అయినా ఒక పోలికను విస్మరించరాదు. మల్లి, చిత్రాంగి ఇద్దరూ తమ ఇష్టానికి విలువలేకుండా అంతఃపురానికి చేరినవారే. ఒకరి ప్రేమ రాజు పరువుకు భంగం కలిగించలేదు కనుక క్షమ దొరికింది. మరొకరిది రాజు గృహాన్నే ప్రశ్నించింది కనుక ఆమె రాక్షసి అయింది. భానుమతి రెండు పాత్రల్లోనూ తల వంచని స్త్రీనే చూపించారు. మల్లి తలెత్తితే మనకు ముచ్చటేసింది, చిత్రాంగి తలెత్తితే భయమేసింది. తేడా ఆ నటిలో లేదు, మన విలువల్లో ఉంది.

ఇదంతా పాత సినిమాల ముచ్చట కదా అని పాఠకులు అనుకోవచ్చు. నేను పాఠాలు చెప్పే తరగతిలో సగంమంది మగ్గాల ఇళ్లనుంచి వచ్చే పిల్లలు. వాళ్ల ఇళ్లలో నేసేవి పెళ్లిపట్టు చీరలు. పెళ్లి అనే మాట పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగిన ఆడపిల్లలు ఆ విషయంలో తమ ఇష్టం గురించి ఒక్క వాక్యం రాయమంటే కలం ఆపేస్తారు. ఆ మౌనంలో భయం ఉంది, ఆ భయానికి కారణమూ ఉంది. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి భార్య కళ్లెదుటే నరికి చంపారు. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం శిక్షలు విధించింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లికి కుటుంబం గాని, కులపెద్దలు గాని అంగీకరించనవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ 2018లోనే. 'మల్లీశ్వరి' విడుదలైన మూడేళ్లకే, 1954లో, ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద పెళ్లాడదలచిన జంట ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అధికారి కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటిస్తారు. హక్కు కాగితం మీదికి వచ్చింది గాని దాని వాకిట్లో ఇంకా కాపలా ఉంది. ఇంటినుంచి వచ్చేసిన జంట ఇవాళ కూడా మొదట వెతికేది దయగల ఒక పెద్దమనిషిని, దయగల ఒక పోలీసు అధికారిని. రాయలవారు పోయి ఐదువందల ఏళ్లు కావస్తోంది. కరుణకృత్యం కోసం ఎదురుచూపు మాత్రం పోలేదు.

అంతమాత్రాన 'మల్లీశ్వరి'ని తోసిపుచ్చమని నేను అనడం లేదు. పల్లకి వాకిట్లో దిగేటప్పుడు మన గుండె దడదడలాడేలా చేసిందంటే, ఆ చిత్రం తన ముగింపుకన్నా ఎక్కువ తెలిసిన చిత్రం. ఆ దడను గుర్తుంచుకున్న ప్రేక్షకుడికి చివరి క్షమాభిక్ష పూర్తిగా రుచించదు. మంచి కళ తన కాలపు పరిమితిని దాటలేనప్పుడు కూడా దాటడానికి దారి చూపుతుందనడానికి ఇది ఉదాహరణ. శిల్పం విషయంలో దానినుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. దుర్మార్గుడు లేకుండా వ్యవస్థను చూపడం, హాస్యంలోంచి విషాదాన్ని పుట్టించడం, ప్రేమికులను పనిచేసే మనుషులుగా నిలబెట్టడం అంత సులభంగా అబ్బే విద్యలు కావు.

ప్రేమకథలు రాస్తున్న యువరచయితలకు ఒక్క మనవి. మీ కథలో చివరి వాక్యం ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. తండ్రి మనసు మారడంతోనో, ఊరిపెద్ద తల ఊపడంతోనో కథ ముగుస్తున్నదంటే, ఆ ప్రేమికులు ఇంకా కోటగోడ లోపలే ఉన్నారన్నమాట. జలజ కథ ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఎవరి క్షమాపణా అడగకుండా ఆమె ఆ గోడ దాటే కథ మనం రాయవలసి ఉంది.